కెమెరా ఉండగా 18 వేల బొమ్మలు ఎందుకు వేయించారు? అమెరికా పాత సామాను వాటర్‌కలర్ల గురించి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ వెబ్‌సైట్‌లో పాత కుర్చీలు, పెట్టెలు, దుప్పట్లు, కుండల వాటర్‌కలర్లు వేలకొద్దీ కనిపించాయి, ఇవి ఎవరు వేశారన్నది మొదటిది. అప్పటికే కెమెరాలు ఉన్నాయి కదా, ఇంత శ్రమ దేనికన్నది రెండోది. మీ అమ్మమ్మగారి టేకు భోషాణాన్ని ఇదే పద్ధతిలో వేయాలనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడోది. మ్యూజియంలకీ పుస్తకాలకీ వస్తువుల బొమ్మలు వేయడం చాలా ఏళ్ళుగా నా వృత్తి. మీరు చూసిన పలకల్లో, అంటే ఒక్కో వస్తువు బొమ్మ వేసిన కాగితాల్లో, కొన్నింటిని నేషనల్ గ్యాలరీ స్టడీ రూమ్‌లో బల్లమీద పెట్టుకుని దగ్గరగా చూశాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ సేకరణ పేరు ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్. 1935 చివర్లో మొదలై 1942లో ఆగిపోయింది. 18 వేలకు పైగా వాటర్‌కలర్లు. వలసల కాలం నుంచి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అమెరికాలో మామూలు జనం చేసుకున్న, వాడుకున్న వస్తువులే అన్నీ.

ఆలోచన పుట్టింది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో. అక్కడి పిక్చర్ కలెక్షన్ అధిపతి రొమానా జావిట్జ్ దగ్గరికి బట్టల డిజైనర్లు, రంగస్థలం వాళ్ళు, ప్రకటనల బొమ్మలు వేసేవాళ్ళు రోజూ వచ్చి పాత నమూనాలు అడిగేవారు. ఫ్రెంచి నగిషీలు కావాలంటే పుస్తకాలున్నాయి. ఇంగ్లండువీ జర్మనీవీ కావాలన్నా ఉన్నాయి. ఆ దేశాలు తమ చేతిపనుల్ని రంగుల పలకలతో ఎప్పుడో అచ్చు వేసుకున్నాయి. అమెరికాలో చేసిన వస్తువులు ఎలా ఉండేవని అడిగితే మాత్రం చూపించడానికి ఆమె దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు. టెక్స్‌టైల్ డిజైనర్ రూత్ రీవ్స్‌తో కలిసి 1935లో ఆమె ఈ ప్రతిపాదన తయారుచేసింది. సరిగ్గా అప్పుడే, ఆర్థిక మాంద్యం రోజుల్లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పనిలేని చిత్రకారుల కోసం ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ పెట్టింది. దాని జాతీయ డైరెక్టర్ హోల్గర్ కాహిల్‌కి జానపద కళ అంటే అప్పటికే ప్రాణం, దానిమీద ప్రదర్శనలు ఏర్పాటు చేసిన అనుభవమూ ఉంది. ప్రతిపాదన చేతికి రాగానే పట్టుకున్నాడు. రీవ్స్ మొదటి సమన్వయకర్త అయింది. తర్వాత అమెరికా జనసంస్కృతి మీద రాసిన కాన్‌స్టన్స్ రూర్క్ సంపాదకురాలిగా చేరింది. ఆమె వచ్చాక ఏ వస్తువు ఎందుకు ఎంచుకోవాలన్నదానికి ఒక ఆలోచన ఏర్పడింది.

వేసినవాళ్ళలో పేరున్న చిత్రకారులు దాదాపు లేరు. ముప్పైకి పైగా రాష్ట్రాల్లో వందలాదిమంది పనిచేశారు. పత్రికలు బొమ్మలు కొనడం మానేసినందువల్ల రోడ్డున పడ్డ ఇలస్ట్రేటర్లు, ప్రకటనల కంపెనీలు మూతపడి ఇంట్లో కూర్చున్న కమర్షియల్ ఆర్టిస్టులు, డ్రాఫ్ట్స్‌మెన్, అప్పుడే చదువు ముగించుకొని వచ్చిన కుర్రాళ్ళు. ఎక్కువమంది సర్కారు సాయం తీసుకునేవారి జాబితాలోంచి వచ్చినవారే. న్యూయార్క్‌లో వారానికి దాదాపు 24 డాలర్లు జీతం. అదే ప్రాజెక్టులో మ్యూరల్స్, అంటే గోడల మీద పెద్ద బొమ్మలు, వేసిన చిత్రకారుల పేర్లు చరిత్రలో నిలిచాయి. రైతు ఇంటి ఉప్పు డబ్బా మీద పెచ్చులూడిన రంగును అంగుళం అంగుళం వేసినవాళ్ళు పలక కింద చిన్న సంతకంగానే మిగిలిపోయారు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఈ సేకరణ చూసేటప్పుడు వస్తువుతోపాటు వేసినవారి పేరు కూడా ఒకసారి చదవండని అందరినీ కోరతాను.

ఇక కెమెరా సంగతి. అప్పట్లో కలర్ ఫోటో నమ్మదగిన స్థితిలో లేదు. కోడాక్రోమ్ అనే కలర్ ఫిల్ము 1935లో సినిమా ఫిల్ముగా వచ్చింది, మామూలు కెమెరాకు ఆ మరుసటి ఏడాది. ఖరీదు ఎక్కువ, రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరికీ భరోసా లేదు. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు ధారాళంగా తీశారు, చాలామంది చిత్రకారులు వాటిని ఆసరాగా వాడుకున్నారు కూడా. కానీ రంగు వేసిన పెట్టెకు బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఏం న్యాయం చేస్తుంది?

రంగు ఒక్కటే కారణమైతే తర్వాత మంచి ఫిల్ము రాగానే ఈ పలకలకు విలువ పోయి ఉండేది. పోలేదు. మహాగని సొరుగుల బీరువాను ఫోటో తీసి చూడండి. పాలిష్ మీద కిటికీ వెలుగు తెల్లటి మచ్చగా పడుతుంది, కింది సగం చీకట్లో కలిసిపోతుంది, దగ్గరున్న కాలు పెద్దగానూ వెనక కాలు చిన్నగానూ వస్తాయి. సొరుగుల అంచున పూసలా గుండ్రంగా తీసిన సన్నటి పట్టీ కనిపించనే కనిపించదు. చిత్రకారుడు ఆ వస్తువు చుట్టూ తిరిగి, తడిమి, కొలిచి, ఒక్కో భాగాన్నీ దానికి తగ్గ వెలుగులో చూసి, అన్నింటినీ కలిపి ఒకే వెలుగులో నిలబెడతాడు. నీడలో ఉన్న అతుకు కూడా తెలుస్తుంది, మెరుపు కింద కొయ్య చారలూ తెలుస్తాయి. కెమెరా తన ముందున్న క్షణాన్ని పట్టుకుంటుంది. ఈ పలకలో మనకు దొరికేది ఒక మనిషి ఆ వస్తువును రోజుల తరబడి చదివి, ఇది ఇలా తయారైందని తేల్చుకున్న విషయం. నా దృష్టిలో ఇండెక్స్ విలువంతా ఈ ఒక్కదానిలోనే ఉంది.

పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఈజిప్టు నుంచి. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ వారి తవ్వకాల్లో జోసెఫ్ లిండన్ స్మిత్ అనే చిత్రకారుడు సమాధుల గోడల మీది చెక్కడాలను, రంగులను రాయి గరుకుతో సహా కళ్ళకు కట్టినట్టు వేసేవాడు. ఆ సంప్రదాయంలో తయారైన సుజాన్ చాప్‌మన్ అదే మ్యూజియంలో పనిచేస్తూ ఇండెక్స్ చిత్రకారులకు శిక్షణ ఇచ్చింది. మసాచుసెట్స్‌లో మొదలైన ఆ క్రమశిక్షణ మిగతా రాష్ట్రాలకు పాకింది. దాని సారం ఇది. ముందు కొలతలతో, గట్టి పెన్సిల్‌తో కచ్చితమైన గీత. ఆ మీద పల్చటి పారదర్శకమైన రంగు. ఆరాక మరో పొర, ఆరాక ఇంకో పొర. తెలుపు కావలసిన చోట తెల్లరంగు పూయకుండా కాగితాన్నే వదిలేయడం. చివర్లో దాదాపు పొడిగా ఉన్న సన్న కుంచెతో చారలు, గీతలు, పగుళ్ళు. అందరూ దీన్ని తు.చ. తప్పకుండా పాటించలేదు, గువాష్, అంటే కింది పొర కనిపించకుండా కప్పేసే చిక్కటి నీటిరంగు, వాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. పలకల వివరాల్లో వాటర్‌కలర్, గ్రాఫైట్ (పెన్సిల్), గువాష్ అని కలిపి రాసి ఉండటం మీరు గమనించే ఉంటారు. మా గోరింటాకు పండినట్టు రంగు లోపలినుంచి రావాలని నా మొదటి గురువుగారు అనేవారు. మంచి ఇండెక్స్ పలకల్లో కొయ్య రంగు అలాగే వస్తుంది.

కుర్చీల పలకలు చూశారు కాబట్టి విండ్సర్ కుర్చీని ఒకసారి తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫిలడెల్ఫియా దీనికి పెద్ద కేంద్రం. చూడటానికి తేలికగా ఉంటుంది కానీ లోపల గొప్ప లెక్క ఉంది. కూర్చునే పలక మందంగా, మెత్తని పైన్ లేదా ట్యులిప్ పోప్లర్ కొయ్యతో ఉంటుంది. మెత్తగా ఉంటేనే శరీరానికి అనుకూలంగా గుంట తియ్యగలరు. కాళ్ళు మేపుల్, ఎందుకంటే తరిణె పట్టినప్పుడు పదునైన వంపులు నిలబడతాయి. వెనక ఉండే సన్నటి పుల్లలు, వంచిన విల్లు హికరీ, ఓక్ లేదా యాష్. అవి వంగుతాయి, విరగవు. ఒకే కుర్చీలో మూడు రకాల కొయ్య, మూడు రంగులు. అందుకే అంతా కలిసేట్టు పైన రంగు పూసేవారు, ఎక్కువగా ఆకుపచ్చ. వందేళ్ళు వాడాక పరిస్థితి ఏమిటి? చేతులు ఆనే చోట ఆకుపచ్చ పోయి కింద ఎప్పుడో పూసిన ఇంకో రంగు, దాని కింద కొయ్య బయటపడతాయి. మంచి పలకలో ఈ పొరలన్నీ వరసగా కనిపిస్తాయి. వాటర్‌కలర్ కూడా పొరలుగానే వేస్తారు కాబట్టి కొయ్య మీద రంగు వేసిన క్రమంలోనే కాగితం మీదా వేసుకుంటూ వెళ్ళే వీలుంది. అలా వేసిన పలకల్లో అరుగుదల చాలా నిజంగా ఉంటుంది.

మీకు అన్నిటికంటే పనికొచ్చేవి పెన్సిల్వేనియా జర్మన్ల పెళ్ళిపెట్టెలు. జర్మనీ, స్విట్జర్లాండ్ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాలవి. పెళ్ళీడుకొచ్చే ఆడపిల్లకు ఇచ్చేవారు, దుప్పట్లు, నారబట్టలు అందులో దాచుకునేది. మగపిల్లల పేరుతోనూ కొన్ని దొరుకుతాయి. మన ఇళ్ళలో భోషాణానికి ఉన్న స్థానం లాంటిదే. మూత పైకి లేస్తుంది, కింద కొన్నిటికి రెండు మూడు సొరుగులు ఉంటాయి. ముందు భాగంలో రెండు మూడు అరలుగా గీసి, తెల్లటి నేలమీద కూజాలోంచి లేచే ట్యులిప్ పూలు, హృదయాలు, పక్షులు, బెర్క్స్ కౌంటీ పెట్టెల మీదైతే ఎదురెదురుగా నిలబడ్డ ఒంటికొమ్ము గుర్రాలు. నడుమ యజమాని పేరు, సంవత్సరం. పెన్సిల్వేనియాలో ఇండెక్స్ పని చూసిన ఫ్రాన్సెస్ లిక్టెన్ ఆ తర్వాత కూడా ఈ గ్రామీణ కళనే అధ్యయనం చేస్తూ ఉండిపోయింది.

ఆ పలకల్లో ఒకదాన్ని తెరమీద పూర్తిగా పెద్దది చేసి చూడండి. పువ్వు రేకు చుట్టూ కంపాస్ ముల్లుతో గీసిన సన్నటి గాడి కనబడుతుంది. పెట్టెకు రంగులు వేసినాయన మొదట కంపాస్‌తో వృత్తాలు గీసుకుని, వాటిలోంచి పూలు తీశాడన్నమాట. ఇండెక్స్ చిత్రకారుడు ఆ గాడిని వదిలెయ్యలేదు, కుంచె మొనతో ఒక చీకటి గీత, దాని పక్కన వెంట్రుకంత వెలుగు గీత పెట్టాడు. ఆ రెండు గీతలతో అది గీత కాదు, గాడి అని మనకు తెలుస్తుంది. ఈ ఒక్క చిన్న విషయం సాధన చేస్తే మీ భోషాణం మీది చెక్కడం సగం వచ్చేసినట్టే.

షేకర్ల సామాను అందుకు పూర్తిగా భిన్నం. షేకర్లు బ్రహ్మచర్యం పాటిస్తూ ఉమ్మడిగా బతికిన ఒక క్రైస్తవ శాఖ. ఆన్ లీ నాయకత్వంలో 1774లో ఇంగ్లండు నుంచి వచ్చారు. వాళ్ళ కుర్చీకి గానీ బీరువాకి గానీ నగిషీ ఉండదు. 1930ల నాటికి వాళ్ళ గ్రామాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఫెయిత్, ఎడ్వర్డ్ డెమింగ్ ఆండ్రూస్ దంపతులు ఆ సామాను సేకరించి, అధ్యయనం చేసి, ఇండెక్స్‌కి సలహాలిచ్చారు. 1935లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో షేకర్ చేతిపనుల ప్రదర్శన కూడా జరిగింది. చిత్రకారుడికి ఇవి అన్నిటికంటే కష్టం. పట్టుకోవడానికి పువ్వూ లేదు, ఆకూ లేదు. ఉన్నదల్లా కొలతల పొందిక, కొయ్య. గుడ్డు ఆకారంలో ఉండే వాళ్ళ పల్చటి డబ్బాలనే చూడండి. చుట్టి అతికిన చోట చెక్క చివరను మూడు నాలుగు వేళ్ళలా కోసి రాగి మేకులతో బిగిస్తారు. అది అందానికి కాదు. వానాకాలం కొయ్య ఉబ్బి, చలికాలం ముడుచుకుంటుంది. అంచు ఒకటే పొడుగ్గా ఉంటే లేచిపోతుంది, వేళ్ళుగా విడదీస్తే విడివిడిగా సర్దుకుంటుంది. రాగి మేకులు ఇనుపవాటిలా తుప్పు కక్కి చెక్కను నల్లగా మార్చవు. ఆ డబ్బా పలక వేసినవాళ్ళు ప్రతి వేలి అంచు వాలునూ, ప్రతి మేకు తలనూ శ్రద్ధగా చూపించారు. వడ్రంగం చేసేవాళ్ళు ఆ బొమ్మ చూసి డబ్బా చేసుకోగలరు.

బట్టల విషయం నా రంగం కాదు, ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 1940 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్‌లో తీసిన ఒక ఫోటో ఉంది. అందులో మాగ్నస్ ఫోసమ్ అనే పెద్దాయన 1770 నాటి ఒక నేత దుప్పటిని పక్కన పెట్టుకుని కాగితం మీద వేస్తున్నాడు. దొరికితే చూడండి. ఎంత దగ్గరగా కూర్చున్నాడో, ఎంత సన్న కుంచె పట్టుకున్నాడో గమనిస్తే ఈ పని వేగం ఎంతో అర్థమవుతుంది. ఒక్కో పలకకు వారాలు పట్టడం అక్కడ మామూలే.

వీటిని ఎంతవరకు నమ్మవచ్చన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న. ఆకారం, కొలత, రంగు విషయంలో బాగా నమ్మవచ్చు. మిగతావాటిలో జాగ్రత్త.

ముందుగా, వెబ్‌సైట్‌లో పలక పక్కన సుమారు 1937 అని కనిపిస్తే అది బొమ్మ వేసిన సంవత్సరం, కుర్చీ చేసిన సంవత్సరం కాదు. మీ ప్రశ్నలో కూడా ఒక పెట్టెను 1938 నాటిదని రాశారు, అది ఈ పొరపాటే. అసలు వస్తువు కొలతలు విడిగా, ఒరిజినల్ ఐ.ఏ.డి. ఆబ్జెక్ట్ అన్న మాట పక్కన ఉంటాయి (ఐ.ఏ.డి. అంటే ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్). ఒక్కో పలకతో పాటు ఒక వివరాల పత్రం కూడా నింపేవారు. వస్తువు పేరు, ఏం కొయ్య, ఎక్కడిది, ఎవరు చేశారు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది. ఆ వివరాలు చాలావరకు అప్పటి యజమానులు, డీలర్లు చెప్పినవి. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే వయసు ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది, అది ఏ దేశంలోనైనా అంతే. తర్వాతి పరిశోధనలో కాలాలు మారిన వస్తువులు ఉన్నాయి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పాత సామాను తెలిసినవాళ్ళు ముందు చూసేది అడుగుభాగం, వెనక భాగం, సొరుగు లోపలి వైపు. చిత్రిక పట్టిన గుర్తులు, చేతి రంపం గాట్లు, డవ్‌టైల్ అతుకుల (పావురం తోక ఆకారంలో కోసి ఒకదానిలో ఒకటి దూర్చినవి) తీరు, మేకుల రకం అన్నీ అక్కడే ఉంటాయి. నకిలీని పట్టుకునేదీ అక్కడే. ఇండెక్స్ పలకల్లో ఎక్కువభాగం ముందు వైపే చూపిస్తాయి. ఉద్దేశం డిజైనర్లకు నమూనాలు ఇవ్వడం కాబట్టి అది సహజమే. కానీ దీన్ని పట్టుకుని ఒక బీరువా అసలైనదా కాదా అని ఎవరూ తేల్చలేరు.

మూడోది, ఎంపిక. అమెరికా మూలవాసులైన ఇండియన్ తెగల చేతిపనులను మానవశాస్త్రజ్ఞుల పని అని వదిలేశారు. భవనాలు కూడా తీసుకోలేదు, వాటికి 1933లోనే వేరే సర్వే మొదలైంది. నల్లజాతి పనివాళ్ళ చేతులమీదుగా వచ్చిన వస్తువులకు దక్కాల్సిన చోటు దక్కలేదు. అమెరికన్ డిజైన్ అన్న పేరు పెట్టుకుని ఆ నేలమీద అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ళ కుండనీ బుట్టనీ బయట ఉంచడం పెద్ద లోటని నేను గట్టిగా అనుకుంటాను. అయితే ఒకే మూస అని కూడా అనలేం. న్యూ మెక్సికోలో స్పానిష్ సంతతి పల్లెల సామాను, చర్చి బొమ్మల మీద ఇ. బోయ్డ్ చేసిన పని నుంచి ఒక ప్రత్యేక సంపుటమే తయారైంది. కాలిఫోర్నియాలోని పాత స్పానిష్ క్రైస్తవ మిషన్ల సామాను, పడమటి రాష్ట్రాల జీనులు కూడా ఉన్నాయి.

ఇంకొకటి. పర్కిన్స్ హార్న్లీ అనే ఆయన వేసిన విక్టోరియన్ గదుల బొమ్మలు మీకు తగిలే ఉంటాయి, గదినిండా పరదాలు, కుచ్చులు, దీపాలు. అవి అద్భుతంగా ఉంటాయి, నాకు చాలా ఇష్టం. కానీ వాటిలో ఊహ ఎక్కువ. ఆ కాలపు అభిరుచి తెలుసుకోవడానికి చూడండి, ఫలానా ఇంట్లో ఫలానా గది ఇలాగే ఉండేదని అనుకోవద్దు.

రెండో ప్రపంచ యుద్ధం రావడంతో పని ఆగింది. పలకలు 1943లో నేషనల్ గ్యాలరీకి చేరాయి. వాటి నంబర్లు 1943.8తో మొదలవడానికి కారణం అదే. అనుకున్నట్టు దేశమంతటికీ పంచే రంగుల సంపుటాలుగా అచ్చు కాలేదు. 1950లో క్యూరేటర్ ఎర్విన్ క్రిస్టెన్సెన్ కొన్నింటిని ఏరి పుస్తకంగా తెచ్చాడు, 2002లో గ్యాలరీ ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇప్పుడు మీరూ నేనూ ఇంట్లో కూర్చుని ఉచితంగా దించుకోగలుగుతున్నాం. రొమానా జావిట్జ్ కోరుకున్నది ఒక రకంగా ఇదే.

వస్తువు పోయాక బొమ్మ ఎంత పనికొస్తుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1816 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ బృందం అమరావతి స్తూపం దగ్గర శిల్పాలను ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కించింది. ఆ సున్నపురాతి పలకల్లో ఎన్నో సున్నం బట్టీల పాలయ్యాయి. కొన్ని శిల్పాలకు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ బొమ్మలే మిగిలిన ఆధారం.

ఇప్పుడు మీ భోషాణం.

మొదటి మాట, దాన్ని తుడిపించి పాలిష్ పెట్టించకండి. మీకు కావలసినదంతా ఆ పాత పొరలోనే ఉంది. మెత్తని పొడిబట్టతో దుమ్ము మాత్రం దులపండి. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదికి మార్చగలిగితే మార్చండి, ఆ వెలుగు పూటపూటకీ పెద్దగా మారదు. మార్చలేకపోతే రోజూ ఒకే వేళకు కూర్చోండి. ట్యూబ్‌లైట్ కింద మాత్రం రంగులు కలపొద్దు.

పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, అంగుళానికి ఎంత అన్నది ముందే నిర్ణయించుకోండి. నాలుగడుగుల పెట్టెకు నాలుగో వంతు స్కేలు చాలు, పన్నెండు అంగుళాల్లో వస్తుంది. ఫోటో పక్కన పెట్టుకోండి గానీ దానిమీదినుంచి దించకండి, ఫోన్ కెమెరా దగ్గరినుంచి తీస్తే అంచులు వంకర తిరుగుతాయి. నేరుగా ముందు నుంచి వేస్తారా, కొంచెం పక్కకు తిప్పి మూత మందం తెలిసేలా వేస్తారా అన్నది మీ ఇష్టం. మొదటిసారి కాబట్టి నేరుగానే వేయమంటాను.

కాగితం నున్నటిది, అంటే హాట్ ప్రెస్, 300 జీఎస్ఎమ్ తీసుకోండి. గరుకు కాగితం మీద కొయ్య చార సన్నగా నిలబడదు. టేకుకు మొదట రా సియెన్నా (పసుపు గోధుమ) బాగా పల్చగా, పెట్టె అంతా. ఆరాక బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఈసారి పెట్టెలోని చెక్క పలక పలకకూ విడిగా, ఎందుకంటే ఏ రెండు చెక్కల రంగూ ఒకటి కాదు. ముదురు చోట్ల నలుపు వాడొద్దు. బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ)లో కొంచెం అల్ట్రామెరీన్ నీలం కలిపితే వచ్చే నలుపు సజీవంగా ఉంటుంది. చారలు గీసేటప్పుడు ఎడమనుంచి కుడికి ఒకే తీరున లాగకుండా, కొయ్యలో చార ఎక్కడ ముడి దగ్గర పక్కకు తప్పుకుంటుందో చూసి అలాగే పోనివ్వండి. చెయ్యి తగిలి నునుపెక్కిన మూత అంచు దగ్గర తడి కుంచెతో రంగును కాస్త లేపితే అరుగుదల వస్తుంది.

ఇత్తడి బందులకు పసుపు ముంచి వేయకండి. పాత ఇత్తడిలో సగం గోధుమ, పావు ఆకుపచ్చ ఉంటుంది, అసలు పసుపు కొద్దిగానే. మెరుపు చోట కాగితాన్ని వదిలేయండి, దాని పక్కనే అన్నిటికంటే ముదురు గీత పెట్టండి. మేకు తలలు ఒక్కొక్కటే చూసి వేయండి. ఒకటి ఊడిపోయి వేరే మేకు కొట్టి ఉంటే దాన్ని అలాగే చూపించండి. ఇండెక్స్ వాళ్ళు వదిలేసింది మీరు వదలకండి. అడుగుభాగం, వెనక, మూత లోపలి వైపు, తాళం గూడు, ఒక్కోదానికి చిన్న పెన్సిల్ బొమ్మ విడిగా వేసి ఉంచండి.

వివరాల పత్రం తప్పనిసరి. ఏ ఊళ్ళో చేయించారు, ఏ వడ్రంగి, ఎవరి పెళ్ళికి, ఎవరింటి నుంచి ఎవరింటికి ఎలా వచ్చింది, అందులో ఏం దాచేవారు. అమ్మమ్మగారు ఉన్నారని రాశారు కాబట్టి రంగులు కొనడానికి ముందే ఆమె దగ్గర కూర్చుని ఇది పూర్తిచేయండి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయండి, మీరు చూసి తేల్చుకున్నది వేరుగా రాయండి. రెండూ కలపకండి.

పెన్సిల్ గీత పూర్తవగానే ఒక ఫోటో ఇక్కడ పెట్టండి. కొలతలు, కోణాలు ఆ దశలో అయితే సరిచేయవచ్చు, రంగు పడ్డాక చాలా కష్టం.